మందకూ తోడేలుకూ ఒకే బీడు: పావగడ మేతభూముల లెక్క

2025వ సంవత్సరం జూన్ 26న కర్ణాటక దక్షిణపు కొసన ఉన్న మలె మహదేశ్వర అభయారణ్యంలో ఒక ఆడపులి, దాని నాలుగు పిల్లలు చచ్చి పడి ఉండడం అటవీ సిబ్బంది కంటబడింది. పులి చంపిన ఆవు కళేబరంలో విషం కలిపినందువల్ల అవి మరణించినట్లు విచారణలో తేలింది. ఒక ఆవు పోయిన కసి ఐదు పులుల ప్రాణం తీసింది. మరుసటి నెలలోనే రాష్ట్ర అటవీ శాఖ మంత్రి ఈశ్వర్ ఖండ్రే అడవులలో పశువులను మేపడాన్ని నిషేధించే దిశగా అధికారులకు ఆదేశాలిచ్చారు. కాపరులు, రైతు సంఘాలవారు అభ్యంతరం తెలిపారు. ఆ నిషేధం ఏ అడవులకు వర్తించాలి, ఎవరి పశువులకు వర్తించాలి అన్న వాదోపవాదాలు చాలాకాలం సాగాయి.

పావగడ తాలూకాలో పులులు లేవు. పులులుండే దట్టమైన అడవీ లేదు. మూడు వైపులా ఆంధ్ర భూమి చుట్టుకొని ఉన్న ఈ తాలూకాలో ఉన్నవి బండరాళ్ల గుట్టలు, వాటి పాదాల నుండి పరచుకొన్న గడ్డి బీళ్లు, వంకలు, వానకు ఎదురు చూసే వేరుశనగ చేలు. అయినా ఆ ఆదేశపు వార్త విన్న రోజున నిడగల్లు గుట్టల కింద జీవాలు మేపుకొనే కుటుంబాలకు కలిగే భయం ఒక్కటే: రేపు ఈ గుట్ట కూడా మూసివేస్తారా? ఆ భయానికి సమాధానం చెప్పాలంటే మొదట ఈ బీళ్లు ఏమిటో, వీటిమీద ఎవరెవరు ఆధారపడి ఉన్నారో, మందను పూర్తిగా ఆపితే ఏమవుతుందో, అసలు ఆపకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలి. ఈ రెండింటి ఫలితాలనూ తెలుగు నేల ఇదివరకే చూసింది.

బంజరు అన్న పేరు తెచ్చిన చేటు

పావగడ ప్రాంతంలో ఏడాదికి పడే వాన సుమారు 500 నుండి 600 మిల్లీమీటర్లు. అదీ జూన్ నుండి అక్టోబరు వరకు, నమ్మకం లేకుండా. ఇంత తక్కువ వానకు, ఇంత పలుచని మట్టికి ప్రకృతి సహజంగా పెంచేది గడ్డినీ, అక్కడక్కడ ముళ్ల పొదలనూ, చెదురుమదురు చెట్లనూ మాత్రమే. అంటే ఈ బీడు చెట్లు కొట్టివేయగా మిగిలిన అడవి కాదు. దీని సహజ రూపమే ఇది. కాని ప్రభుత్వ లెక్కలలో శిస్తు రాని భూమి బంజరు అయింది. బ్రిటిషు వారి కాలంలో పడిన ఆ ముద్ర నేటికీ చెరగలేదు. బంజరు అనగానే దానిని ఏదో ఒకటి చేసి బాగుచేయాలన్న ఆత్రం పుడుతుంది. ఒకరు చెట్లు నాటుతారు, ఒకరు పట్టాలిస్తారు, ఒకరు పరిశ్రమకు అప్పగిస్తారు.

ఈ బయలును నమ్ముకొని బ్రతికే ప్రాణులు తక్కువేమీ కావు. కృష్ణజింక బయలు జంతువు. దానికి రక్షణ దాని కంటిచూపు, కాళ్లు. దూరం నుండే శత్రువును చూసి పరుగెత్తగలిగినంత కాలమే అది క్షేమంగా ఉంటుంది. పొదలు మూసుకొంటే ఆ బలం పోతుంది. తోడేలు, గుంటనక్క, కుందేలు, నెమలి, భూమిమీదనే గుడ్లు పెట్టే కౌజులు, భరత పక్షులు ఇవన్నీ బయలునో, బయలు అంచునో కోరేవే. గుట్టలలో చిరుతపులి, ఎలుగుబంటి ఉంటాయి. ఒకప్పుడు దక్కను పీఠభూమి అంతటా తిరిగిన బట్టమేక పక్షి ఇప్పుడు దేశం మొత్తం మీద 150కి మించి లేదని అంచనా. అందులో అత్యధిక భాగం రాజస్థాన్‌లోనే.

చెట్లు నాటడం ఎల్లప్పుడూ పుణ్యకార్యమే అన్న నమ్మకానికి ఈ నేలపై మినహాయింపు ఉంది. హావేరి జిల్లాలోని రాణిబెన్నూరు అభయారణ్యాన్ని 1974లో కృష్ణజింకల కోసం, బట్టమేక పక్షి కోసం ఏర్పరిచారు. అదే భూమిలో నీలగిరి చెట్లు విస్తారంగా నాటారు. జింకలు మిగిలాయి, బట్టమేక కనుమరుగైంది. పావగడకు పొరుగున మధుగిరి తాలూకాలోని మైదనహళ్లి బయలులో కూడా నీలగిరి తోపులు కనిపిస్తాయి.

ఇక నాటకుండానే వచ్చి కూర్చున్నది సర్కారు తుమ్మ. కన్నడంలో దీనినే బళ్లారి జాలి అంటారు. 1870వ దశకంలో కడప ప్రాంతంలో వంటచెరకు కోసం మొదట నాటిన ఈ విదేశీ చెట్టు, వంకలు పట్టుకొని రాయలసీమనూ, పొరుగు కన్నడ జిల్లాలనూ ఆక్రమించింది. దీని కాయ తియ్యగా ఉంటుంది కనుక మేకలు, గొర్రెలు, పశువులు ఇష్టంగా తింటాయి. గింజ అరగదు, పెంటికలతో, పేడతో బీడంతా వ్యాపిస్తుంది. తన మేతను మింగే చెట్టుకు మంద తానే విత్తనం చల్లుతోందన్నమాట. కాయలను ఏరి, ఎండబెట్టి, గింజలతో సహా పిండిచేసి దాణాలో కలిపితే ఆ విత్తనం చస్తుంది, ఎండాకాలపు మేతా దొరుకుతుంది. ఏరుకొనే ఓపిక ఉన్న ఇంటికి ఇది ఖర్చు లేని పని.

రోళ్లపాడు చెప్పిన పాఠం

మందను పూర్తిగా ఆపితే ఏమవుతుంది? కర్నూలు జిల్లాలో, 2022 నుండి నంద్యాల జిల్లాలో ఉన్న రోళ్లపాడు గ్రామం దీనికి మంచి సాక్ష్యం. అక్కడి గడ్డి బయళ్లలో బట్టమేక పక్షులున్నాయని వెలుగులోకి వచ్చాక 1980వ దశకంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి అక్కడ ఉండి పరిశీలించారు. 1988లో సుమారు 614 హెక్టార్ల భూమిని అభయారణ్యంగా ప్రకటించారు. కందకాలు తవ్వి, కంచెలు వేసి మందలను బయట ఉంచారు. గడ్డి ఏపుగా పెరిగింది. మొదట్లో ఫలితం బాగానే కనిపించింది. గుడ్లు పెట్టడానికి పక్షులకు మరుగు దొరికింది.

కాని కంచె లోపల ఎక్కువగా వృద్ధి చెందినవి కృష్ణజింకలు. వాటికి ఆరువందల హెక్టార్లు ఏపాటి? రాత్రివేళ చేలమీద పడ్డాయి. మేతభూమి పోగొట్టుకొన్న గ్రామస్థుడు పంటను కూడా పోగొట్టుకొన్నాడు. ఇంకొక వైపు బట్టమేక పక్షి కంచె లోపలే ఉండే జీవి కాదు. పొట్టి గడ్డిలోను, కోసిన చేలలోను పురుగులు, మిడతలు ఏరుకొని తిని, ఎత్తు గడ్డిలో గుడ్లు పెడుతుంది. దానికి మేసిన నేల, మేయని నేల రెండూ పక్కపక్కనే కావాలి. చుట్టుపక్కల సాగునీరు వచ్చి, పంటల తీరు మారి, మేతబీళ్లు దుక్కిలోకి పోయేసరికి కంచెలోని గడ్డి ఒక్కటే దానిని నిలపలేకపోయింది. గ్రామాలవారి సానుభూతి కూడా అప్పటికే పోయింది. 1990ల తరువాత అక్కడ బట్టమేకల సంఖ్య క్షీణిస్తూ వచ్చి, ఇటీవలి సంవత్సరాలలో కనిపించడమే అరుదైంది.

మధ్యప్రదేశ్‌లోని కరేరా అభయారణ్యంలోనూ ఇదే కథ మరింత కటువుగా నడిచింది. అక్కడ బట్టమేక మాయమైంది, జింకలు పెరిగాయి, ఆంక్షలతో విసిగిన గ్రామాల ఒత్తిడి మిగిలింది. చివరకు 2022లో ఆ అభయారణ్య హోదానే రద్దుచేశారు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల ఉద్యానంలో 1982లో గేదెల మేతను ఒక్కసారిగా నిషేధించినప్పుడు ఘర్షణ చెలరేగి, పోలీసు కాల్పులలో గ్రామస్థులు మరణించారు. తరువాతి సంవత్సరాలలో శాస్త్రజ్ఞులు లెక్కలు తీసి చూస్తే, గేదెలు తినక వదిలిన నీటి గడ్డి చెరువులను కమ్మివేసి పక్షులకే చోటు లేకుండా చేసిందని తేలింది. ప్రాణాలు పోయాక తెలిసిన శాస్త్రం అది.

అలాగని మందకు హద్దు అక్కర్లేదని ఈ ఉదాహరణలు చెప్పవు. ఎడతెగకుండా మేపిన బీడులో మొదట రుచిగల గడ్డి పోతుంది, తరువాత పశువు ముట్టని మొక్కలు, ముళ్లు పెరుగుతాయి, ఆ తరువాత మట్టి కొట్టుకుపోయి రాయి తేలుతుంది. ఇటువంటి గుట్టలను చూడడానికి పావగడ వారు ఎక్కడికో పోనక్కరలేదు.

గడ్డికి కావలసిన నెల రోజులు

ఇందులోని కీలకం గడ్డి పెరిగే తీరులో ఉంది. చెట్టు కొన నుండి పెరుగుతుంది; కొన తింటే దాని ఎదుగుదల కుంటుపడుతుంది. గడ్డి మొదలు నుండి పెరుగుతుంది. పైభాగం కొరికినా నేలకు ఆనుకొన్న మొదలు బాగుంటే మళ్లీ చిగురిస్తుంది. అందుకే గడ్డి, పశువు వేల ఏళ్లుగా కలిసి బ్రతకగలిగాయి. మితంగా మేసిన గడ్డిలో ఎండు దుబ్బు పేరుకోదు, కొత్త ఆకు వస్తుంది, వేసవిలో నిప్పంటుకొంటే మంట ఎత్తుకు లేవదు.

కాని గడ్డికి ఒక బలహీన సమయం ఉంది. ఎండలకు పైభాగమంతా ఎండిపోయినా వేరులో కొంత ఆహారం దాచుకొని ఉంటుంది. తొలకరి పడగానే ఆ నిల్వను ఖర్చుపెట్టి మొదటి ఆకులు తొడుగుతుంది. ఆ ఆకులు ఎండలో ఆహారం తయారుచేసి, ఖర్చయిన నిల్వను తిరిగి నింపడానికి కనీసం నెల, నెలన్నర కావాలి. సరిగా అప్పుడే, వేసవి అంతా ఎండుగడ్డితో, కొమ్మల రొట్టతో సరిపెట్టుకొన్న మంద పచ్చని మొలకమీద పడుతుంది. ఒకటికి రెండుసార్లు అలా కొరికివేస్తే వేరులో ఏమీ మిగలదు, దుబ్బు చస్తుంది. వానాకాలం మధ్యలో వంద గొర్రెలు మేసినదానికంటే తొలకరిలో యాభై గొర్రెలు మేసినది ఎక్కువ నష్టం. రెండవ బలహీన సమయం గింజ పట్టేటప్పుడు. గింజ రాలకముందే ఏటేటా మేపితే వచ్చే ఏటికి కొత్త దుబ్బులుండవు.

కనుక బీడుకు కావలసినది శాశ్వత నిషేధం కాదు, విరామం. గ్రామపు మేతభూమిని మూడు నాలుగు భాగాలుగా అనుకొని, ప్రతి ఏడూ ఒక భాగాన్ని తొలకరి నుండి గింజ రాలేవరకు వదిలివేయడం; మరుసటి ఏడు మరొక భాగం. కంచె అక్కరలేదు, కాపరుల కట్టుబాటు చాలు. తొలకరి నెలలో మందలు ఎక్కడికి పోవాలన్నదే ఇందులో చిక్కు. పూర్వం ఆ కాలంలో మందలు దూర ప్రాంతాలకు వలస పోయేవి. చేలలో మంద పెట్టించుకొని రైతులు కాపరులకు గింజలిచ్చేవారు. ఎరువుల బస్తా వచ్చాక ఆ గిరాకీ తగ్గింది, కాని పోలేదు. బోరు కింద రెండు గుంటల పశుగ్రాసం, మరొక వైపు దాచిపెట్టిన వేరుశనగ కట్టె, అవిసె, సుబాబుల్ రొట్ట ఉన్న ఇంటికి ఆ నెల గడపడం సాధ్యమే. భూమిలేని కాపరికి ఇవేవీ ఉండవు. ఈ ఏర్పాటులో అతనికి తోడ్పడవలసినది పంచాయతీయే.

కల్పవల్లి: గోడకు అవతలి ఉదాహరణ

పావగడ సరిహద్దు దాటితే వచ్చే రొద్దం, రామగిరి, చెన్నేకొత్తపల్లి మండలాలలో ఇటువంటి ప్రయత్నం ముప్పై ఏళ్లుగా సాగుతోంది. నాడు అనంతపురం జిల్లాలో, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ గుట్టలు 1990ల ఆరంభంలో బోడిగా ఉండేవి. చెన్నేకొత్తపల్లి వద్ద 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ సంస్థ చేయూతతో ముష్టికోవెల మొదలైన గ్రామాలవారు తమ పక్కనున్న రెవెన్యూ బంజరును కాపాడడం ప్రారంభించారు. క్రమంగా 7 వేల ఎకరాలకు పైగా భూమి వారి సంరక్షణలోకి వచ్చింది. దానికి కల్పవల్లి అని పేరు పెట్టారు. గ్రామాల సహకార సంఘం దానిని చూసుకొంటోంది.

వారు చేసిన పని వింటే విశేషమేమీ లేదనిపిస్తుంది. ముఖ్యంగా నిప్పును ఆపారు. కొత్త చిగురు కోసం వేసవిలో బీడుకు అగ్గి పెట్టే అలవాటు ఉన్న ప్రాంతమది. కావలివాళ్లను పెట్టి, గడ్డి ఎండిన కాలంలో మంట వ్యాపించకుండా బాటలు గీసి, ఊరివాళ్లే మంటలార్పారు. చెట్టు నరకడాన్ని అదుపు చేశారు. మందలను వెళ్లగొట్టలేదు. కొన్నేళ్లకు గడ్డి వచ్చింది, వంకలలో నీరు ఎక్కువ కాలం నిలిచింది, ఈత చెట్లు లేచాయి. ఈతాకు, బోదగడ్డి కోసుకొని బ్రతికే కుటుంబాలకు పని దొరికింది. ఆ వెనుకనే తోడేలు, కృష్ణజింక, చిరుత, ఎలుగుబంటి కనిపించసాగాయి. వాటిని ఎవరూ తెచ్చి వదలలేదు.

కల్పవల్లికి ఎదురైన దెబ్బ మంద వల్ల కాదు. ఆ భూమి కాగితాలలో ప్రభుత్వ బంజరుగానే ఉండిపోయింది. 2010 తరువాత గాలిమరల ప్రాజెక్టు వచ్చినప్పుడు గుట్టల వీపుమీద వెడల్పాటి రోడ్లు వేశారు, చెట్లు పోయాయి, వాలులు కోసుకుపోయాయి. గ్రామాలవారు జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవలసి వచ్చింది. ఇరవై ఏళ్లు కాపాడినవారి పేరు పత్రంలో లేకపోతే జరిగేది ఇదే.

సౌర పలకల కింద పోయిన మేత

పావగడలో ఇంతకంటే పెద్ద మార్పు 2018లో వచ్చింది. నాగలమడికె హోబళిలో తిరుమణి, బళసముద్ర, వళ్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామాల పరిధిలో సుమారు 13 వేల ఎకరాలలో సౌర విద్యుత్ పార్కు ఏర్పడింది. 2018 మార్చి 1న అప్పటి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య దానిని ప్రారంభించారు. మొత్తం సామర్థ్యం 2,050 మెగావాట్లు. భూమిని కొనలేదు, ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయల కౌలుతో, రెండేళ్లకొకసారి ఐదు శాతం పెంపుతో రైతుల నుండి తీసుకొన్నారు. కరువులతో విసిగిన రైతుకు ఇది స్థిరమైన ఆదాయం అనడంలో సందేహం లేదు.

అయితే కౌలు భూమి ఉన్నవానికే వస్తుంది. వేరుశనగ పీకిన తరువాత ఆ చేలన్నీ మందలకు మేతబీళ్లే. పట్టా ఒకరిది, పంట పోయాక గడ్డి ఊరందరిది అన్నది కాగితం మీద లేని కట్టు. కంచె పడడంతో ఆ కట్టు తెగింది. భూమిలేని కాపరులు జీవాలను తెగనమ్ముకోవలసి వచ్చిందని ఆ గ్రామాలకు వెళ్లిన పరిశోధకులు, పత్రికలవారు వ్రాశారు. మిగిలిన మందలు ఎక్కడికి పోతాయి? మిగిలిన గుట్టలమీదికే. పార్కు లోపల ఒక్క గొర్రె లేకపోయినా, దాని బరువు బయటి బీడుమీద పడుతుంది. చిరుతకూ, తోడేలుకూ, మందకూ మధ్య దూరం తగ్గడానికి ఇదొక కారణం.

దీనికి దారి లేకపోలేదు. అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను సౌర పార్కుల నిర్వాహకులు పలకల కింద గడ్డిని తినిపించడానికి గొర్రెల మందలను రప్పించి, కొన్నిచోట్ల కాపరులకే డబ్బు చెల్లిస్తున్నారు. మేక పలకలపైకి ఎక్కుతుంది, తీగలు కొరుకుతుంది. గొర్రెకు ఆ బుద్ధి తక్కువ. పలకల నీడన గడ్డి ఎలాగూ పెరుగుతుంది, దానిని ఎలాగూ కోయించవలసిందే. కౌలు ఒప్పందాలు దీర్ఘకాలానికి ఉన్నా, మేతకు అనుమతి ఇవ్వడానికి ఒప్పందం మార్చనక్కరలేదు; గేటు తెరిచే నియమం ఒకటి చాలు.

గోమాళం ఎవరి లెక్కలో ఉంది

కర్ణాటక భూ రెవెన్యూ నిబంధనల ప్రకారం ప్రతి గ్రామంలోను వంద పశువులకు 30 ఎకరాల చొప్పున ఉచిత మేతకు భూమి వదలాలి. దీనినే గోమాళం అంటారు. మూడువందల పశువులున్న ఊరికి తొంభై ఎకరాలన్నమాట. ఈ నిబంధన కాపరికి రక్షణ వలె కనిపిస్తుంది, కాని దీనికి మరొక అంచు ఉంది. పశువుల సంఖ్య తగ్గినట్లు లెక్క తేలితే మిగిలిన గోమాళం అదనపు భూమి అవుతుంది. పట్టాలకు, కట్టడాలకు ఇవ్వవచ్చు. ఫారం 50, 53, 57 పేర్లతో బగర్ హుకుం సాగును క్రమబద్ధం చేసిన దరఖాస్తులలో గోమాళపు సర్వే నంబర్లకు కొదవ లేదు. దున్నినవాడు పేదవాడే కావచ్చు. అక్కడ మేపినవాడు అంతకంటె పేదవాడు.

పహణీ తీసి చూసుకొంటే తమ ఊరి బీడు ఏ పద్దులో ఉన్నదో తెలుస్తుంది. గోమాళమైతే అది రెవెన్యూ శాఖది; అటవీ శాఖ మేత నిషేధం దానికి సూటిగా వర్తించదు. సామూహిక భూముల ఆక్రమణలను తొలగించాలని 2011 జనవరి 28న సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు గోమాళాన్ని కాపాడుకొనేవారికి ఆయుధం. రిజర్వు అడవి అయితే 2006 నాటి అటవీ హక్కుల చట్టం మేత హక్కును, వలస కాపరుల హక్కును కూడా గుర్తిస్తుంది. షెడ్యూల్డు తెగలవారు కానివారు మాత్రం 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అక్కడ ఉన్నట్లు చూపాలి. ఇక్కడ సరిహద్దు చేసే చిత్రం ఒకటుంది. పావగడలో నాయకులు షెడ్యూల్డు తెగ. గట్టు దాటితే మైదాన ఆంధ్రలో వారి బంధువులైన బోయలు వెనుకబడిన తరగతి. ఒకే గుట్టకు రెండు వైపుల మేపే వియ్యంకులకు ఒకే చట్టం రెండు కొలతలతో వర్తిస్తుంది.

వన్యప్రాణి రక్షణ చట్టం కింద కూడా అన్ని రక్షిత ప్రాంతాలూ ఒకటి కావు. జాతీయ ఉద్యానంలో పశువుల మేతకు చోటు లేదు. అభయారణ్యంలో మేతను నియంత్రించే లేదా నిషేధించే అధికారం ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి ఉంది. చట్టానికి చేసిన సవరణతో 2003 నుండి అమలులోకి వచ్చిన కన్సర్వేషన్ రిజర్వు వేరు. స్థానికులను సంప్రదించి ప్రభుత్వ భూమిలో దానిని ఏర్పరుస్తారు, మేత నిషేధం దానంతటదే రాదు. మైదనహళ్లిలో 798 ఎకరాల జయమంగళి కృష్ణజింకల రిజర్వు 2007లో ఈ పద్ధతిలోనే ఏర్పడింది. దాని నిర్వహణ కమిటీలో ఆయా గ్రామ పంచాయతీలకు, వ్యవసాయ, పశుసంవర్ధక శాఖలకు చట్టమే చోటిచ్చింది. కాపరికి వేరుగా కుర్చీ వేయలేదు. పంచాయతీ పంపే ప్రతినిధి మంద ఉన్న ఇంటివాడైతే ఆ లోటు తీరుతుంది. ఎవరిని పంపాలన్నది ఊరి చేతిలోనే ఉంది.

తోడేలుతో వచ్చే తగవు

తోడేలు మాటెత్తకుండా ఈ లెక్క పూర్తికాదు. దేశం మొత్తంమీద తోడేళ్లు సుమారు మూడు వేలు ఉండవచ్చునని అంచనా. ఇంచుమించు పులులకంటె తక్కువ. పులికి అభయారణ్యాలున్నాయి, తోడేలు తిరిగే నేలలో ఎక్కువ భాగం రక్షిత ప్రాంతాలకు వెలుపలి బీళ్లే. కర్ణాటకలో మేలుకోటె అభయారణ్యం తరువాత ఇటీవల కొప్పళ జిల్లా గంగావతి తాలూకాలోని బంకాపురను తోడేళ్ల కోసం కేటాయించారు. అది కొద్ది వందల ఎకరాల చోటు. ఒక తోడేళ్ల గుంపు తిరిగే నేల అంతకు ఎన్నో రెట్లు. అందువల్ల తోడేలు బ్రతికితే కాపరుల మధ్యనే బ్రతకాలి.

అడవి ఆహారం, అంటే కుందేళ్లు, జింక పిల్లలు, దొరకని చోట తోడేలు జీవాలమీదనే ఆధారపడుతుంది. ఒక గొర్రె పోతే ఆ ఇంటికి పోయేది వేల రూపాయలు. ఈ కోపంతోనే చలికాలంలో వంక గట్లలో తోడేలు పిల్లలున్న బొరియలకు పొగపెట్టడం, మూసివేయడం జరుగుతుంది. అంతకంటె ప్రమాదకరమైనది కళేబరానికి మందు పెట్టడం. ఆ మాంసం తోడేలు ఒక్కటే తినదు. ఊరికుక్క, నక్క, గద్ద, చివరకు కాపరి సొంత కుక్క కూడా తింటుంది. తోడేలు వన్యప్రాణి చట్టపు మొదటి షెడ్యూలులో ఉంది కనుక చంపినవారికి జైలు శిక్ష తప్పదు.

నష్టాన్ని తగ్గించే పద్ధతులు కాపరులకు తెలియనివి కావు. రాత్రి మందను వలలోనో, ముళ్లకంచె రొప్పంలోనో ఉంచడం, పిల్లలను వేరుగా గంప కింద మూయడం, చీకటిపడకముందే గుట్ట దిగడం, మందకు వెనుక ఒకరు ముందు ఒకరు నడవడం. ఇప్పుడు పిల్లలు బడికి, పెద్దలు బెంగళూరు కూలికి పోవడంతో రెండువందల జీవాల వెంట ఒక్క ముసలివాడు మిగులుతున్నాడు. తోడేలు పెరిగిందన్న మాట కొన్నిచోట్ల నిజం కావచ్చు. కావలి తగ్గిందన్నది చాలాచోట్ల నిజం. జీవం పోయినప్పుడు కళేబరాన్ని కదపకుండా ఫోటో తీసి, అదే రోజు అటవీ శాఖకు, పశువైద్యునికి తెలిపి పంచనామా చేయించుకొంటేనే పరిహారం దరఖాస్తు నిలుస్తుంది. మరునాటికి కాకులు, కుక్కలు సాక్ష్యాన్ని తినివేస్తాయి.

రోగాలు కూడా ఇటు అటు ప్రయాణిస్తాయి. గాలికుంటు పశువు నుండి జింకకు, కుక్కల పిచ్చి, డిస్టెంపరు తోడేలుకు, నక్కకు సోకుతాయి. ఊరికుక్కలు కలిసికట్టుగా జింక పిల్లలను తరమడం సరిహద్దు బీళ్లలో తరచు కనిపించే దృశ్యం. మందకుక్కకు ఏటా వేయించే ఒక టీకా ఆ ఇంటి పిల్లలకూ, గుట్టమీది తోడేలుకూ ఒకేసారి రక్ష. అభయారణ్యాల చుట్టూ ఐదు కిలోమీటర్ల లోపు పశువులకు టీకాలు వేయాలని చట్టం చెబుతోంది. పావగడ బీళ్లకు ఆ హోదా లేదు గనుక ఇక్కడ పశువైద్య శిబిరాన్ని గ్రామసభే అడిగి పెట్టించుకోవాలి.

గ్రామసభ చేయగల పని ఇంకొకటి మిగిలి ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి ఒక జీవవైవిధ్య నిర్వహణ సమితి, ఊరి జీవజాలాన్ని నమోదుచేసే ఒక రిజిస్టరు ఉండాలి. గోమాళపు సర్వే నంబరు, దాని విస్తీర్ణం, అక్కడ మేసే మందల సంఖ్య, కనిపించే జింకలు, తోడేళ్లు, ఏ భాగాన్ని ఏ ఏడు వదలాలన్న కట్టుబాటు, ఇవన్నీ అందులో వ్రాయించి తీర్మానం చేయవచ్చు. కల్పవల్లి గ్రామాల వద్ద గడ్డి ఉండినది, కాగితం లేకపోయింది. తొలకరికి ముందు, వైశాఖంలో, మందలు ఇంకా ఊరి దగ్గరే ఉన్నప్పుడు పిలిచే సభకు కాపరులు కూడా రాగలరు.